ఈలమ్మ తలుపు

మొన్న బడా బజార్‌లో పట్టుచీరల కొట్టుకి వెళ్ళాను. మా ఆడపడుచు కూతురికి పెళ్ళి కుదిరింది. అత్త పెట్టే చీర బరంపురం పట్టే అయ్యుండాలని ఇంట్లో ఆర్డరు. కొట్టు ఈ మధ్యే కొత్తగా కట్టారు. సన్నటి మెట్లెక్కి పైకి వెళ్తే తెల్ల పరుపులు, చల్లటి గాలి, కూర్చోగానే చేతికి టీ గ్లాసు. కొట్టతను చీర మీద చీర పరిచేస్తున్నాడు. నేను చీరలు తప్ప మిగతావన్నీ చూస్తున్నాను.

"ఏటమ్మా, రంగులు నచ్చలేదేటి?" అన్నాడు.

"రంగులు బాగానే ఉన్నాయి నాయనా. ఈ మెట్లు కాకుండా కిందకి దిగడానికి ఇంకో దారుందా?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. చీర కొనకుండా పారిపోయే బేరం అనుకున్నట్టున్నాడు. పక్క పరుపు మీద నా ఈడు ఆవిడే ఒకామె కూర్చుని ఉంది. ఆమె కూడా చీర ఒళ్ళో పెట్టుకుని కొట్టు వెనక గోడకేసి చూస్తోంది. నా మాట వినగానే ఇటు తిరిగి, కళ్ళజోడు పైకి తోసుకుని, "మీరు ఈలమ్మ హాస్టలా?" అని అడిగింది.

అంతే. ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఆడవాళ్ళం ఆ పరుపుల మీద పడీ పడీ నవ్వాం. కొట్టతను చీరలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ నాకంటే నాలుగైదేళ్ళు వెనక చదువుకుందట. గోసాని నువాగాంలో ఉంటోంది, నాకు నడిచి వెళ్ళేంత దూరం. ఇన్నాళ్ళూ ఒకళ్ళకొకళ్ళం తెలియనే తెలియదు. నవ్వు తగ్గాక ఆవిడే అంది, "మీకు తెలుసో లేదో, ఈలమ్మ పోనారు. మొన్న వానాకాలంలో. సముద్రం ఒడ్డున తమ్ముడి ఇంట్లో, నిద్దట్లోనే పోనారంట."

నాకు తెలియదు. టీ గ్లాసు కింద పెట్టేశాను. ఎన్నేళ్ళుగానో వెళ్ళి చూడాలనుకుంటూ వాయిదా వేసిన మనిషి. ఆవిడతో అన్నాను, "మంచం కింద చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టుకునే పోయుంటారు."

"ఉంటాయి, ఉంటాయి. తిప్పెట్టకుండా పోరు," అందావిడ. మళ్ళీ నవ్వు, ఈసారి కళ్ళు తుడుచుకుంటూ. లేవబోయే ముందు నెమ్మదిగా అడిగింది, "ఆ తలుపు ఇప్పుడెలాగుందో మరి. తాళం ఎట్టీసుంటారేమో. రోజులు బాలేవు కదా." ఆ మాట నాకు చీర కంటే ఎక్కువ పట్టుకుంది. మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళి చూద్దామనుకున్నాం.

ఆ తలుపు సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి. పేరు రాయను. మేమెవరం ఆ పేరుతో పిలిచిందీ లేదు. ఆవిడ మాకు బోటనీ చెప్పేవారు, ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెనుగా ఉండేవారు. తాతల నాటినుంచి ఈ గంజాం తీరంలోనే స్థిరపడ్డ తెలుగు కుటుంబం, సముద్రంలో వేట వాళ్ళ వృత్తి. మనిషి పొడగరి, నల్లగా నిగనిగలాడేవారు. చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ చీలమండకి పైనే కట్టేవారు. "కాలికి అడ్డంపడే సీర కట్టుకుంటే మనం సీరని మొయ్యాల గాని, సీర మనల్ని మొయ్యదు" అనేవారు. మెడలో నల్లపూసల పక్కనే ఎర్రదారానికి ఒక ఇత్తడి ఈల వేలాడేది. దానివల్లే ఈలమ్మ. కొత్తగా వచ్చిన లెక్చరరు ఒకావిడ ఇదేమిటండీ అని అడిగితే, "ఇది మా ఆయన కట్టింది, ఇది నాను కట్టుకున్నది. రెండూ తియ్యను" అన్నారట.

ఆవిడ ఏ గదిలోకి వచ్చినా గుమ్మంలో ఒక్క క్షణం ఆగేవారు. కళ్ళు గోడల వెంట ఒకసారి తిరిగి వచ్చేవి. తలుపులెన్ని, కిటికీలకి ఊచలున్నాయా, దీపం ఎక్కడుంది, తెర ఎక్కడుంది. ఆ తనిఖీ అయ్యాకే "ఆఁ, సెప్పండి" అని కూర్చునేవారు. "పడవెక్కక ముందే దిగడం సూసుకోవాల అనేవోడు మా అయ్య. మీరందరూ ఎక్కీసి, తర్వాత ఈత నేర్సుకుందాం అనుకుంటారు" అని మమ్మల్ని దెప్పేవారు.

పెళ్ళికి పిలిచినవాళ్ళ పని ఇంకా చిత్రంగా ఉండేది. అక్షింతలు చేతిలో పట్టుకునే పందిట్లో తిరిగేవారు. తాటాకుల కింద పొయ్యి కనిపిస్తే వంటవాడికి మూడినట్టే. మా క్లాసు పిల్ల పెళ్ళికి మా ఊరు చికిటి దగ్గర పల్లెటూరు వెళ్ళినప్పుడు, పెళ్ళికూతురి తండ్రిని కూర్చోబెట్టి ఒప్పించి, పందిరి నాలుగు మూలలా ఇసక బకెట్లు పెట్టించారు. ఆయన పాపం పెద్ద చదువులావిడ చెప్పిందని పెట్టించాడు గాని, అవి ఎందుకన్నది వచ్చినవాళ్ళకి చెప్పలేదు. వచ్చిన ముత్తయిదువులు ఇదేదో యూనివర్సిటీ వాళ్ళ ఆచారం కాబోలు అనుకున్నారు. ఒకావిడ ఒక బకెట్‌కి పసుపు రాసింది. ఇంకొకావిడ బొట్టు పెట్టింది. తాళి కట్టే వేళకి నాలుగు బకెట్ల మీదా అక్షింతలు పడ్డాయి. మా ఈలమ్మ నవ్వు ఆపుకుంటూ, "ఎయ్యనీండి, ఎయ్యనీండి. బొట్టెట్టిన బకెట్టుని ఎవడూ తన్నడు గదా" అన్నారు. ఆ పెళ్ళి ఫొటోల్లో నూతన దంపతుల వెనక ఇప్పటికీ ఇసక బకెట్టు ఉంది.

హాస్టల్లో నేను చేరిన కొత్తలోనే మొదటి డ్రిల్లు. మా విశ్వవిద్యాలయం ఊరికి దూరంగా, సముద్రం వైపు, సరుగుడు తోటల మధ్య ఉండేది. హాస్టల్ పాత భవనం, బారుగా గదులు, పైన రేకులు. ముందు వరండా, దానికి ఇనుప గేటు. రాకపోకలన్నిటికీ అదొక్కటే దారి. ఆదివారం తలంటు రోజు కావడంతో అందరం తలలకి నూనె పెట్టుకుని సోమరిగా కూర్చుని ఉన్నాం. ఉన్నట్టుండి ఈల. గదులన్నీ గొల్లుమన్నాయి. అందరం వరండా దాటి ముంగిట్లోకి వచ్చి పడ్డాం.

ఆవిడ వరసగా నిలబెట్టి ఒక్కొక్కళ్ళ చేతులూ చూస్తూ వచ్చారు. ఒక పిల్ల ఇనప ట్రంకు పెట్టె ఈడ్చుకొచ్చింది. ఒక ఒడియా పిల్ల జగన్నాథుడి పటం గుండెలకి హత్తుకుంది. ఇంకో పిల్ల చేతిలో దువ్వెన తప్ప ఏమీ లేదు, అదెందుకు తెచ్చిందో దానికే తెలియదు. నా దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

"ఒలే చికిటి గుంటా, ఏటది?"

"ఆవకాయ జాడీ అండి."

"కొంపంటుకుంటంటే ఆవకాయేటే?"

"మా అమ్మ ఎట్టిందండి."

ఆవిడ మూత తీసి వాసన చూశారు. రెండు వేళ్ళతో ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నారు. పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. "మీ అమ్మ సెయ్యి మంచిది. గాని నువ్వు సచ్చిపోతే ఇది ఎవులు తింతారు?" అని జాడీ నా చేతుల్లోంచి తీసుకుని కింద పెట్టారు. "ఇనండే గుంటల్లారా. ఈల ఇన్నారంటే సేతుల్లో ఏటీ ఉండకూడదు. ఒక సెయ్యి గోడకి, ఒక సెయ్యి పక్క పిల్లకి. కాళ్ళకి సెప్పులు. ఇంకేటీ ఒద్దు. దేవుడు తన దారి తాను సూసుకుంటాడు." జగన్నాథుడి పటం పట్టుకున్న పిల్ల బిక్కమొహం వేస్తే, ఆ పటానికి దణ్ణం పెట్టి మరీ లోపల పెట్టించారు. ఆ రోజునుంచీ మంచాల కింద మా చెప్పులన్నీ గుమ్మం వైపు మొహం తిప్పుకుని పడుకునేవి. మధ్యాహ్నం భోజనాల్లో ఆవిడ నా పక్కన కూర్చుని ఆవకాయతో రెండోసారి అన్నం కలుపుకున్నారు.

ఈల ఒక్కటి చాలదని ఆవిడకి త్వరలోనే తెలిసింది. గాలి రోజున ఆ చివర గదులకి వినపడేది కాదు. ఆఫీసువాళ్ళు సైరన్ పెడతామన్నారు. "గాలి రాకముందే కరెంటు పోద్ది. సైరన్‌కి కరెంటు కావాల. మీ నోటికి కరెంటు కావాలేటి?" అని ఆవిడ మమ్మల్ని అడిగి, తనే ఉపాయం చెప్పారు. ఒడియా ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలోనూ పూజల్లోనూ నాలుక ఆడిస్తూ హుళహుళి వేస్తారు. ఒకరు అందుకుంటే పక్కవాళ్ళు అందుకుంటారు, వీధి వీధంతా మోగుతుంది. ఈల వినగానే దగ్గరి గదివాళ్ళు హుళహుళి వేయాలి, అది విని పక్క గది, అలా చివరిదాకా.

ఒడియా పిల్లలకి అది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. మా తెలుగు పిల్లలకి రాదు. నేర్చుకోమని ఆజ్ఞ. నెలరోజులు స్నానాల గదుల్లో మేం చేసిన సాధన వింటే ఎవరైనా గొంతులో ముల్లు గుచ్చుకుందనుకుంటారు. నాకైతే పుక్కిలింత తప్ప ఏదీ వచ్చేది కాదు. నేర్పే ఒడియా పిల్లలు నేలమీద పడి నవ్వేవారు. ఆఖరికి ఎలాగో పట్టుబడింది. ఆ సంబరంలో ఒక సాయంత్రం పెద్ద డ్రిల్లు పెట్టారు. హాస్టలంతా హుళహుళితో మారుమోగిపోయింది. ముంగిట్లో వరసలు కట్టేసరికి, పక్క పల్లె ఆడవాళ్ళు పళ్ళాల్లో కొబ్బరికాయలూ పువ్వులూ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేశారు. పెళ్ళికూతురెవరని అడిగారు. గూర్ఖా తెల్లబోయాడు. మా ఈలమ్మ ఏమాత్రం తడబడలేదు. వాళ్ళందరినీ లోపలికి పిలిచి అటుకులూ బెల్లం పెట్టి, "ఇది పిలుపు. మీ ఊళ్ళో ఏదైనా అయితే మీరూ ఇలాగే పిలండి, మేం వొస్తాం" అని ఒడియాలో చెప్పి పంపారు.

ఈ సంగతి తెలిసి ఒక పెద్ద ప్రొఫెసరు గారు కోప్పడ్డారు. మంగళధ్వనిని ప్రమాదానికి వాడటం అశుభమన్నారు. ఆవిడ ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మంచి జరగాలనే కదండీ పిల్లలు అరుస్తన్నారు. అందరూ బతికి బయటికొస్తే అంతకంటే శుభం ఏటుందండి?" అన్నారు. ఆయన తర్వాత ఏమన్నారో నాకు తెలియదు, హుళహుళి మాత్రం ఆగలేదు.

ఇప్పుడు తలుపు. భోజనాల గది చివర వెనక్కి ఒక తలుపు ఉండేది. దానికి బయటినుంచి తాళం. చెవి ఆఫీసులో పెద్ద గుమాస్తా దగ్గర. అది ఆడపిల్లల భద్రత కోసం అని అందరూ అనేవారు. మా తల్లిదండ్రులు మమ్మల్ని ఆ తాళం చూసే నమ్మకంగా చేర్పించారు. ఈలమ్మకి ఆ తాళం చూస్తే ఒళ్ళు మండిపోయేది. అది తీసి లోపలివైపు గడియ పెట్టించాలని ఆవిడ ఎన్నిసార్లు హాస్టల్ కమిటీకి వెళ్ళారో లెక్కలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఒకటే మాట, ఆడపిల్లల హాస్టల్‌కి వెనక తలుపేమిటని.

కమిటీలో ఒక పిల్ల తండ్రి కూడా ఉండేవాడు. మంచివాడే, భయస్తుడు. "తలుపుంటే పిల్లలు ఎల్లిపోతారమ్మా" అన్నాడు. ఆవిడ కోప్పడలేదు. "ఎల్లిపోదామనుకున్న గుంట ముందు గేటునుంచే ఎల్తాది బాబూ, మీకు దణ్ణమెట్టి మరీ ఎల్తాది. ఉండిపోదామనుకున్న పిల్లలే మంటొస్తే లోపల సచ్చిపోతారు. నాను అడిగేది ఆ పిల్లల కోసం" అన్నారు. ఆయన తల దించుకున్నాడు గాని సంతకం పెట్టలేదు.

ఆ ఏడు హాస్టల్ డేకి కమిటీ వాళ్ళందరినీ భోజనానికి పిలిచారు. పనసకాయ కూర, కూరగాయలేసిన దాల్మా పప్పు, పాయసం. పెద్దవాళ్ళంతా భోజనాల గదిలో బారుగా కూర్చున్నారు. మేం వడ్డిస్తున్నాం. అందరూ సగం భోజనంలో ఉండగా ఈలమ్మ వంటింట్లోకి వెళ్ళారు. గుప్పెడు ఎండుమిరపకాయలు తీసుకుని మా అందరి వైపూ చూపిస్తూ మూడుసార్లు తిప్పారు. "ఇంతమంది పెద్దోళ్ళు సూసినారు, పిల్లలకి దిష్టి తగల్దేటి?" అని, ఆ మిరపకాయలన్నీ కణకణలాడే పొయ్యిలో వేసేశారు.

ఆ ఘాటు భోజనాల గదిలోకి వచ్చిన తీరు నేను చెప్పలేను. ముందు ఒకాయన దగ్గాడు. తర్వాత వరస దగ్గింది. కళ్ళ నీళ్ళతో అందరూ లేచారు. ముందు గేటుకి వెళ్ళాలంటే సన్నటి నడవ దాటాలి. అందరివీ ఎంగిలి చేతులు. దేన్నీ తాకకూడదు, పక్కవాళ్ళని తాకకూడదు. కుడిచేతులు తలల మీదికి ఎత్తుకుని, దగ్గుకుంటూ, దారి కనపడక ఒకరినొకరు భుజాలతో నెట్టుకుంటూ నడవలో ఇరుక్కుపోయారు. కొందరు వెనక్కి తిరిగి వెనక తలుపు దగ్గరికి పరిగెత్తారు. తాళం.

"తాళం చెవి ఏదండీ?" అని ఎవరో అరిచారు.

పెద్ద గుమాస్తా గారు అక్కడే ఉన్నారు, పాయసం మూతితో. దగ్గు మధ్యలో, "ఆఫీసు సొరుగులో" అన్నారు.

ఆవిడ సైగ చేయగానే మేం కిటికీలన్నీ తెరిచేశాం. ముందే చెప్పి ఉంచారు కాబట్టి మా కొంగులు ముక్కులకి సిద్ధంగా ఉన్నాయి. ఘాటు తగ్గాక ఆవిడ తలుపు ముందు నిలబడి, కళ్ళు తుడుచుకుంటున్న పెద్దలకి దణ్ణం పెట్టి, "ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి లేదండీ. పిల్లలు బాగున్నారు. తలుపే బాగులేదు" అన్నారు.

ముందుగా నవ్వింది ఆ భయస్తుడైన తండ్రే. ఆయన నవ్వగానే మిగతావాళ్ళకీ నవ్వక తప్పలేదు. ఎంగిలి చెయ్యి ఎత్తుకునే, "తియ్యించండమ్మా, తియ్యించండి" అన్నాడు. కాని కమిటీ కమిటీయే కదా, ఒక మెలిక పెట్టింది. ఆ తలుపు వల్ల ఒక్క పిల్లకి చెడ్డ పేరొచ్చినా బాధ్యత ఎవరిదని అడిగారు. "నాదే. అలాటిదేదైనా అయితే ఉజ్జోగం మానీసి మా తమ్ముడితో వలలు అల్లుకుంటాను" అన్నారు ఆవిడ. అన్నట్టుగానే తన మంచం తెచ్చి ఆ తలుపు పక్కనే వేయించుకున్నారు. లోపలివైపు పెద్ద ఇనప గడియ వచ్చింది. ఉప్పుగాలికి అది తుప్పు పడుతుందని మాకు ఇంకో రూలు వచ్చింది. ఆదివారం తలకి రాసుకోగా చేతికి మిగిలిన నూనె గడియకి రాయాలి. ఆడపిల్లల జుట్టూ ఆ గడియా ఒకే కొబ్బరినూనెతో మెరిసేవి.

మరుసటి ఏడు పెద్ద గాలివాన వచ్చింది. పొద్దున్నుంచే ఆకాశం రంగు చూసి ఆవిడ మాకు అన్నం పెందలాడే పెట్టించి, చెప్పులు తొడుక్కునే ఉండమన్నారు. రేకుల కింద ఉండకూడదు, పక్కనున్న శ్లాబు లైబ్రరీలోకి మారిపోవాలని చెప్పి, దానికి అనుమతి కూడా తెచ్చారు. మేం బయల్దేరబోతుండగానే, పట్టపగలే, పెద్ద సరుగుడు చెట్టు విరిగి ముందు వరండా మీద పడింది. గేటు కనపడకుండా పోయింది. పైన రేకులు తపతప కొట్టుకుంటున్నాయి. ఆవిడ ఈల ఊదుతున్నారు. బుగ్గలు పొంగడం కనిపిస్తోంది గాని నాకు చప్పుడు వినపడలేదు.

అప్పుడు ఎక్కడో ఒక ఒడియా పిల్ల హుళహుళి వేసింది. పక్క గది అందుకుంది. నేనూ అందుకున్నాను. ఈసారి పుక్కిలింత కాదు, హుళహుళే పలికింది. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి పక్క పిల్లకి. నడవలోంచి భోజనాల గదిలోకి, అక్కణ్ణుంచి ఆ తలుపులోకి. గడియ ఒక్క తోపుకి వెనక్కి జారింది. ఒంగి ఒంగి పరుగెత్తి లైబ్రరీలో పడ్డాం. ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కళ్ళ నెత్తి మీదా చెయ్యి వేసి లోపలికి తోశారు. అందరం వచ్చేశామని ఊపిరి పీల్చుకునేసరికి గుమ్మంలో ఆవిడ లేరు.

నాకు జీవితంలో అంత భయం మరెప్పుడూ వేయలేదు. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. వెనక్కి వెళ్తానని ఒక పిల్ల, వద్దని ఇంకో పిల్ల. ఇంతలో వానలోంచి ఆవిడ వచ్చారు. కొంగు కింద ఏదో దాచుకుని, ఒంగి, జుట్టంతా విరబోసుకుని. లోపలికి వచ్చి కొంగు తీశారు. నా ఆవకాయ జాడీ.

నాకు కోపం తన్నుకొచ్చింది. "సేతుల్లో ఏటీ ఉండకూడదని మీరే సెప్పినారు కదండీ" అన్నాను.

"ఆ రూలు మీకే గుంటా," అన్నారు, రొప్పుతూ. "రేపు మీ అందరికీ అన్నంలోకి ఏటెయ్యాల? రోడ్డు తెరిసేదాకా ఏటి తింతారు? మీ అమ్మ సెయ్యి మంచిదని సెప్పేను కదేటి."

ఏడుస్తున్నవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. జగన్నాథుడి పటం పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని హుళహుళి వేసింది. ఆ రోజు రెండోసారి వేసినది భయానికి కాదు. రోడ్లు తెరిచేదాకా మా అందరికీ ఆ ఆవకాయే కూర. ఆఖర్న జాడీ అడుగున నూనె మిగిలితే, అది వేడన్నంలో కలిపి ముద్దలు చేసి ఆవిడే మా చేతుల్లో పెట్టారు. మా అమ్మకి ఈ కథ చెప్తే ఆ ఏడు రెండు జాడీలు పెట్టింది, ఒకటి వార్డెనమ్మకని.

ఇదంతా తలుచుకుంటూనే మర్నాడు మేమిద్దరం బస్సు దిగాం. హాస్టల్ గుర్తుపట్టలేనట్టుంది. రేకులు పోయి శ్లాబు వచ్చింది, పైన ఇంకో అంతస్తు వచ్చింది. గోడలకి ఎర్ర సిలిండర్లు, సైరన్లు, ఎటు పరుగెత్తాలో చూపించే బాణాలు. చూసి ఆవిడ ఎంత మురిసిపోయేవారో అనుకున్నాను. గేటు దగ్గర యూనిఫారంలో ఒక అమ్మాయి మా పేర్లు రాసుకుని లోపలికి పంపింది. నా స్నేహితురాలు నా మోచెయ్యి పట్టుకుంది. "తాళం ఉంటే నాను సూడలేనండి" అంది. నాకూ అలాగే ఉంది. నడవలో మా ఇద్దరి నడకా నెమ్మదించింది.

భోజనాల గది చివర ఆ తలుపు ఉంది. పచ్చరంగు వేశారు. తాళం లేదు. కాని ఆ తలుపుకి నిండా పసుపు, కుంకుమబొట్లు, పైన బంతిపూల దండ. పక్కన గూట్లో ఒక చిన్న జాడీ. మేమిద్దరం నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాం. తలనిండా నూనె పెట్టుకున్న ఒక పిల్ల అటుగా వస్తూ మమ్మల్ని చూసి ఆగింది.

"ఇదేటమ్మా?" అన్నాను.

"ఈలమ్మ ఠాకురాణి అండి," అంది. ఠాకురాణి అంటే ఇక్కడ అమ్మవారు.

"ఎవరమ్మా ఆవిడ?"

"పూర్వకాలం అమ్మోరండి. మా సీనియర్లకి వాళ్ళ సీనియర్లు సెప్పినారంట. ఈ తలుపుకి తాళం ఎట్టకూడదండి. ఒకసారి ఎవులో వార్డెను తాళం ఎట్టీసరికి ఆవిడకి నెల్లాళ్ళు దగ్గు తగ్గలేదంట. మళ్ళీ ఎవులూ ఎట్టలేదు."

"జాడీ ఏటి మరి?"

"ఆవకాయండి. హాస్టల్ డేకి నైవేద్యం ఎడతాం. అమ్మోరికి ఆవకాయంటే పేణమంట." ఆ పిల్ల మా వాలకం చూసి, మేం నమ్మడం లేదనుకుని, కాస్త గట్టిగా చెప్పింది, "నిజంగానండి. శానా సక్తి ఉన్నాది."

నా స్నేహితురాలు ఏదో చెప్పబోయింది. నేను చెయ్యి నొక్కాను. ఏమని చెప్పాలి? ఆవిడ బోటనీ చెప్పేవారనా? బొట్టు పెట్టిన బకెట్టుని ఎవడూ తన్నడని ఆవిడే అన్నారు. తనకి జరిగిన ఈ సన్మానం చూస్తే గుండెలు పగిలేలా నవ్వి, "బొట్టెట్టినారు సరే, గడియ జారతాదో లేదో సూసినారేటి?" అని అడిగేవారు. అందుకని నేనే ముందుకెళ్ళి గడియ పట్టుకుని తోశాను. చప్పుడు లేకుండా జారింది. తలుపు తెరుచుకుని సముద్రపు గాలి మొహాన కొట్టింది.

ఆ పిల్ల సంతోషించింది. "ఈవేళ ఆదివారం కదండీ. తలకి రాసుకుని ఇప్పుడే అమ్మోరికి రాసీసి ఎల్లినారు అందరూ," అంది.

నా అరచేతికి కొబ్బరినూనె అంటుకుంది. తుడుచుకోబుద్ధి కాలేదు. తీర్థం తీసుకున్నాక చేసినట్టు, ఆ చేతిని తలకి రాసుకున్నాను.